45 రోజులు దాటిన బిల్లులకు ఎరుపు వేసే మాక్రో: నేను నొక్కితే సరిగ్గా, సార్ నొక్కితే వేరే వరుసల మీద

పీణ్య_అకౌంట్స్
అందరికీ నమస్కారం. బెంగళూరు పీణ్యలో ఒక చిన్న ఇంజనీరింగ్ యూనిట్‌లో అకౌంట్స్ చూస్తాను. ఎక్సెల్ మాక్రో ఒకటి (బటన్ నొక్కితే పనులు తనంతట తానే చేసే చిన్న ప్రోగ్రాం) ఇబ్బంది పెడుతోంది. ఆఫీసు సిస్టమ్ నుంచి కోడ్ బయటికి కాపీ చేయనివ్వరు, ఫోన్‌లో టైప్ చేస్తున్నా. అందుకే మాటల్లో చెప్తాను, ఓపిగ్గా చదవండి.

మాకు సరుకు పంపే వెండర్ల బిల్లులన్నీ ఒక షీట్‌లో ఉంటాయి. బి2 సెల్‌లో ఏ రోజుకి లెక్క చూడాలో ఆ తేదీ. 4వ వరుసలో హెడ్డింగులు, 5వ వరుస నుంచి డేటా. ఎఫ్ కాలమ్‌లో సరుకు అందిన తేదీ. జి కాలమ్‌లో ఎన్ని రోజులైందో ఫార్ములా, అంటే బి2 లోంచి ఎఫ్ తీసేయడమే. 45 రోజులు దాటితే ఆ వరుస మొత్తం ఎర్రగా కనపడాలి.

బటన్ నొక్కగానే మాక్రో ముందు పాత కండిషనల్ ఫార్మాటింగ్ రూల్స్, అంటే ఏ షరతుకి ఏ రంగు వేయాలో చెప్పేవి, డిలీట్ చేస్తుంది. తర్వాత ఎ5 నుంచి హెచ్400 వరకున్న రేంజ్‌కి కొత్త రూల్ చేర్చే ఫార్మాట్‌కండిషన్స్.యాడ్, అందులో ఫార్ములా =$జి5>45. చివర ఇంటీరియర్ కలర్ ఎరుపు. అంతే.

నేను డేటా పేస్ట్ చేసి బటన్ నొక్కితే ఒక్క వరుస కూడా తప్పు పోదు. ఫైల్ షేర్డ్ డ్రైవ్‌లో పెడతాను. శుక్రవారం పేమెంట్లకు ముందు మా సార్ బి2లో తేదీ మార్చి బటన్ మళ్ళీ నొక్కుతారు. అప్పుడు ఎరుపు వేరే బిల్లుల మీద పడుతోంది. ఒక వారం బాగా కిందికి జరిగింది, ఈ వారం రెండు వరుసలు పైకి జరిగింది. డేటా మారలేదు, జి కాలమ్ అంకెలు కూడా సరిగ్గానే ఉన్నాయి. రంగు మాత్రమే తప్పు. ఎక్కడ చూడాలో చెప్పండి ప్లీజ్, చాలా టెన్షన్‌గా ఉంది.

మారతహళ్లి_ఎమ్‌ఐఎస్
మేడం, రెండు సిస్టమ్‌లలో ఎక్సెల్ వెర్షన్ ఒకటేనా? మాక్రో ఎక్కడుంది, మామూలు మాడ్యూల్‌లోనా (కోడ్ రాసే పేజీ), ఒక షీట్‌కి చెందిన షీట్ మాడ్యూల్‌లోనా? రేంజ్ ముందు షీట్ పేరు రాశారా లేదా?

ఎందుకు అడుగుతున్నానంటే, షీట్ పేరు లేకుండా ఉత్త రేంజ్ అని రాస్తే మామూలు మాడ్యూల్‌లో అది అప్పుడు తెర మీదున్న షీట్‌ని పట్టుకుంటుంది. షీట్ మాడ్యూల్‌లో రాస్తే ఆ షీట్‌నే పట్టుకుంటుంది. ఇంకోటి, రేంజ్ లోపల సెల్స్ రాసేటప్పుడు బయట రేంజ్‌కి మాత్రమే షీట్ పేరు పెట్టి లోపల సెల్స్‌కి వదిలేస్తే, వేరే షీట్ మీద ఉన్నప్పుడు 1004 ఎర్రర్ వస్తుంది. మా టీమ్‌లో కొత్తగా చేరినవాళ్ళందరికీ ముందు ఇదే చెప్తాం: విత్ అని షీట్ పేరు పైన ఒక్కసారి రాసి, లోపల ప్రతిదానికీ ముందు చుక్క పెట్టమని.

పీణ్య_అకౌంట్స్
వెర్షన్ ఒకటే తమ్ముడూ, రెండు చోట్లా ఒకే లైసెన్స్. మాక్రో అదే ఫైల్‌లో, మామూలు మాడ్యూల్‌లో ఉంది. షీట్ పేరు రాసే ఉంది. ఎర్రర్ ఏమీ రాదు. రంగు సరైన షీట్‌కే పడుతోంది, వరుసలే జరుగుతున్నాయి.

హెచ్‌ఎస్‌ఆర్_డేటా
ఫిల్టర్ ఉందా? ఫిల్టర్ పెట్టి కొన్ని వరుసలు దాగి ఉంటే, చివరి వరుస వెతకడానికి వాడే ఎండ్(ఎక్స్ఎల్‌అప్) దాగిన వరుసలను దాటేస్తుంది. మీ రేంజ్ నేరుగా 400 వరకు రాశారు కాబట్టి ఇక్కడ అది కారణం కాకపోవచ్చు, అయినా ఒకసారి చూడండి.

నన్నడిగితే దీన్ని పైథాన్ ప్రోగ్రామింగ్ భాషకి మార్చేయడం మేలు. అందులో ఎక్సెల్ ఫైళ్ళు రాసే ఓపెన్‌పైఎక్సెల్ లైబ్రరీతో చేస్తే ఎవరి సిస్టమ్‌లో అయినా ఒకటే ఫలితం.

మాక్రో_మేస్త్రి
అప్పుడే పైథాన్‌కి వెళ్ళకండి. రోగం తెలియకుండా ఇల్లు మారితే రోగం వెంటే వస్తుంది.

అక్కా, ఒక పని చేయండి. సార్ నొక్కి సేవ్ చేసిన ఫైళ్ళు రెండూ ఉన్నాయి కదా, బాగా కిందికి జరిగినది, రెండు పైకి జరిగినది. ఒక్కోటీ తెరిచి, బటన్ జోలికి పోకుండా, ముందు ఎ5 సెల్ మీద క్లిక్ చేయండి. తర్వాత హోమ్ ట్యాబ్‌లో కండిషనల్ ఫార్మాటింగ్, అందులో మేనేజ్ రూల్స్. అక్కడ కనిపించే ఫార్ములా ఉన్నదున్నట్టు ఇక్కడ రాయండి. డాలర్ గుర్తుతో సహా.

పీణ్య_అకౌంట్స్
చూశాను అన్నా. నాకు అర్థం కాలేదు.

కిందికి జరిగిన ఫైల్‌లో: =$జి1048566>45
పైకి జరిగిన ఫైల్‌లో: =$జి7>45
నేను నొక్కిన ఫైల్‌లో మాత్రం =$జి5>45 అనే ఉంది.

ఆ పది లక్షల సంఖ్య ఎక్కడిది? నా కోడ్‌లో ఎక్కడా లేదు.

మాక్రో_మేస్త్రి
దొరికింది. సార్ మొదటి ఫైల్‌లో బటన్ నొక్కినప్పుడు కర్సర్ 20వ వరుసలో ఉంది. రెండో ఫైల్‌లో 3వ వరుసలో ఉంది. నేను మీ ఆఫీసులో లేకపోయినా ఇది చెప్పగలను, ఎందుకంటే ఆ ఫార్ములాలే చెప్తున్నాయి.

మాక్రో ద్వారా కండిషనల్ ఫార్మాటింగ్ పెట్టేటప్పుడు మీరిచ్చిన ఫార్ములాను ఎక్సెల్ మీ రేంజ్ మొదటి సెల్ నుంచి లెక్కపెట్టదు. ఆ క్షణంలో కర్సర్ ఏ సెల్ మీద ఉందో, అంటే యాక్టివ్‌సెల్, అక్కడి నుంచి లెక్కపెడుతుంది. $జి5 లో జి ముందు డాలర్ ఉంది కాబట్టి కాలమ్ కదలదు. 5 ముందు డాలర్ లేదు కాబట్టి వరుస కదులుతుంది. కదలాలి కూడా, లేకపోతే ప్రతి వరుసా 5వ వరుసనే చూస్తుంది.

కర్సర్ 20లో ఉండగా $జి5 అంటే ఎక్సెల్‌కి అర్థమయ్యేది "నా కంటే 15 వరుసలు పైన ఉన్న జి". దాన్ని తీసుకెళ్ళి ఎ5కి పెడుతుంది. 5 లోంచి 15 తీస్తే మైనస్ 10. అలాంటి వరుస లేదు కాబట్టి షీట్ అడుగు నుంచి చుట్టి వస్తుంది. 2007 నుంచి ఎక్సెల్ షీట్‌లో వరుసలు 1048576. అందులోంచి 10 తీస్తే 1048566. మీరు చూసిన సంఖ్య అదే.

అలా 20వ వరుస వెళ్ళి 5వ వరుస రోజులు చూస్తుంది, 21వది 6ని చూస్తుంది. ఎరుపు మొత్తం 15 వరుసలు కిందికి దిగుతుంది. రెండో ఫైల్‌లో కర్సర్ 3లో ఉంది. $జి5 అంటే "నా కంటే రెండు కింద". ఎ5కి పెడితే $జి7. ఎరుపు రెండు వరుసలు పైకి పోతుంది.

మీరు నొక్కితే ఎందుకు సరిగ్గా వస్తుందంటే, మీరు అంతకుముందే ఎ5లో డేటా పేస్ట్ చేస్తారు. పేస్ట్ అయ్యాక కర్సర్ ఎ5 లోనే ఉంటుంది. బటన్ నొక్కితే కర్సర్ కదలదు.

ఒకటి చూసి చెప్పండి. మొదటి ఫైల్‌లో 19వ వరుస కూడా ఎర్రగా ఉండాలి, ఆ బిల్లుకి ఎన్ని రోజులైనా సరే.

పీణ్య_అకౌంట్స్
అన్నా, 19వ వరుస ఎర్రగానే ఉంది! అది అప్పుడే వచ్చిన బిల్లు. దానికి చెల్లింపు కూడా వెళ్ళిపోయింది.

ఇప్పుడు సార్ ఏం చేస్తారో కూడా అర్థమైంది. బి2లో తేదీ టైప్ చేసి ఎంటర్ కొడతారు, కర్సర్ బి3కి దిగుతుంది, వెంటనే బటన్. అదే 3వ వరుస. మొదటి వారం తేదీ మార్చాక ఒక వెండర్ బిల్లు చూడటానికి కిందికి వెళ్ళి అక్కడ క్లిక్ చేసి ఉంటారు.

19వ వరుస సంగతి మీకెలా తెలిసింది?

మాక్రో_మేస్త్రి
15 వరుసలు పైన అంటే 19కి 4వ వరుస. అక్కడ మీ హెడ్డింగ్ ఉంది, "రోజులు" అనో "డేస్" అనో. ఎక్సెల్ పోలికలో అక్షరాలు ఎప్పుడూ అంకె కంటే పెద్దవి. "రోజులు" > 45 అని అడిగితే నిజమే అంటుంది. అందుకే ఎరుపు.

మారతహళ్లి_ఎమ్‌ఐఎస్
అన్నా, ఇప్పుడే ఖాళీ ఫైల్‌లో చేసి చూశాను. కర్సర్ ఎక్కడ పెడితే దాని ప్రకారం ఫార్ములా మారిపోతోంది. ఇన్నాళ్ళూ మా రిపోర్టుల్లో కూడా ఇదే పద్ధతి. మా దగ్గర మాక్రో మొదట్లోనే ఎ1 సెలెక్ట్ చేసే లైన్ ఉంది, ఎందుకుందో ఎవరికీ తెలియదు, ఫార్ములాలు కూడా 1వ వరుస లెక్కలోనే రాసి ఉన్నాయి. స్క్రీన్ వేగంగా ఉండటానికని మొన్న ఆ లైన్ తీసేద్దామనుకున్నాం. తీయకపోవడం మంచిదైంది.

మరి మందు ఏంటి? సెలెక్ట్ వాడకూడదని అందరూ చెప్తారు కదా.

మాక్రో_మేస్త్రి
సెలెక్ట్ వద్దనేది మంచి సలహానే, కానీ ఇక్కడ అవసరం ఉంది. రెండు దారులు చెప్తాను.

మొదటిది సులువు. రూల్ పెట్టే ముందు అప్లికేషన్.గోటూ అని రాసి రేంజ్ మొదటి సెల్‌కి, ఇక్కడ ఎ5కి, వెళ్ళండి. అది షీట్‌ని కూడా తెరుస్తుంది. పని అయ్యాక సార్ ఎక్కడున్నారో అక్కడికి తిరిగి పంపండి. ముందే ఒక వేరియబుల్‌లో సెలెక్షన్ దాచుకుంటే చాలు. ఆ మర్యాద పాటించండి, చూస్తున్న చోటు నుంచి మాక్రో లాక్కెళ్తే మనుషులకు చిరాకు.

రెండోది కర్సర్‌ని కదపదు. ఫార్ములాను ఆర్1సి1 పద్ధతిలో (వరుస, కాలమ్ రెండూ అంకెలతో చెప్పేది) =ఆర్‌సి7>45 అని రాయండి. ఆర్ పక్కన అంకె లేదు కాబట్టి "ఇదే వరుస", సి7 అంటే ఏడో కాలమ్, జి. దాన్ని అప్లికేషన్.కన్వర్ట్‌ఫార్ములాకి ఇచ్చి, ఎ1 పద్ధతికి మార్చమని చెప్పి, రిలేటివ్‌టూ దగ్గర యాక్టివ్‌సెల్ ఇవ్వండి. కర్సర్ 20లో ఉంటే అదే =$జి20>45 అని తయారవుతుంది. యాడ్‌కి అది ఇస్తే ఎక్సెల్ 20 నుంచి లెక్కపెట్టి సరైన రూల్ పెడుతుంది. చార్ట్ షీట్ తెరిచి ఉంటే మాత్రం యాక్టివ్‌సెల్ ఉండదు, ఎర్రర్ వస్తుంది. మీ ఫైల్‌లో చార్ట్ షీట్ లేదు కాబట్టి ఏదైనా సరే. నాకైతే మొదటిదే ఇష్టం, ఏడాది తర్వాత ఇంకొకరు చదివినా అర్థమవుతుంది.

ఏ దారి తీసుకున్నా పైన ఒక కామెంట్ రాయండి, ఈ లైన్ ఎందుకుందో. మారతహళ్లి తమ్ముడి ఆఫీసులో జరగబోయింది మీ దగ్గర జరగకూడదు.

మల్లేశ్వరం_పద్దులు
నేను రిటైరైన అకౌంటెంట్‌ని. మాక్రోలు రాయడం నాకు రాదు, కానీ ఈ చర్చ మొత్తం చదివాను. ఒక మాట చెప్పాలి.

ఇది రంగు సమస్య అనుకుని తేలిగ్గా తీసుకోకండి. ఆ 45 ఊరికే పెట్టుకున్న అంకె కాదు. 2006 నాటి ఎమ్‌ఎస్‌ఎమ్‌ఈ (సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల) అభివృద్ధి చట్టం ప్రకారం సూక్ష్మ, చిన్న సంస్థల నుంచి సరుకు తీసుకుంటే, ఒప్పందంలో ఏం రాసుకున్నా, సరుకు అంగీకరించిన రోజు నుంచి 45 రోజులు దాటకూడదు. దాటితే రిజర్వ్ బ్యాంకు ప్రకటించే బ్యాంక్ రేటుకి మూడు రెట్లు, నెలనెలా చక్రవడ్డీ. పీణ్యలో అలాంటి చిన్న వర్క్‌షాపులు ఎన్నో ఉన్నాయి. ఎరుపు పక్క వరుసకి జరిగితే, 50 రోజులుగా డబ్బు కోసం చూస్తున్న టర్నింగ్ షాపు ఆయన ఆ శుక్రవారం కూడా ఖాళీ చేతులతో ఉంటాడు. ఆయన జీతాలివ్వాలి కదమ్మా.

అందుకే అమ్మా, రంగు ఒక్కదాన్నే నమ్మకండి. హెచ్ పక్కన ఒక కాలమ్ పెట్టి, ఫార్ములాతో "గడువు దాటింది" అని అక్షరాల్లో వచ్చేలా చేయండి. సెల్ ఫార్ములా కర్సర్‌ని బట్టి మారదు. నలుపు తెలుపు ప్రింట్ తీస్తే ఎరుపు బూడిద రంగులో కలిసిపోతుంది, అక్షరం మాత్రం నిలుస్తుంది. ఎర్ర వరుసలు ఎన్నో, ఆ మాట ఉన్న వరుసలు ఎన్నో పక్కపక్కన పెట్టి సరిచూసుకోవచ్చు.

పీణ్య_అకౌంట్స్
బాబాయ్ గారూ, తప్పకుండా పెడతాను. మా సార్‌కి ఈ చర్చ మొత్తం చదివి వినిపించాను. వెనకబడిన బిల్లులు రెండూ వెంటనే చెల్లించమన్నారు, చెల్లించేశాం.

మేస్త్రి అన్న చెప్పిన గోటూ లైన్ పెట్టాను. సార్ సిస్టమ్‌లో కర్సర్ రకరకాల చోట్ల పెట్టి నొక్కించాను, ప్రతిసారీ సరిగ్గా వచ్చింది. థాంక్స్ అన్నా.

కానీ ఇంకో సమస్య. ప్రతి వారం జి ఫార్ములా కిందికి లాగే పని లేకుండా 400వ వరుస దాకా ముందే పెట్టేశాను. ఎఫ్ ఖాళీగా ఉంటే ఖాళీ కొటేషన్ చూపించమని ఇఫ్ వేశా. ఇప్పుడు డేటా అయిపోయిన తర్వాత 400 దాకా మొత్తం ఎరుపే.

మారతహళ్లి_ఎమ్‌ఐఎస్
ఇది నేను చెప్తా అక్కా. 19వ వరుసకి జరిగిందే ఇక్కడా జరుగుతోంది. ఖాళీ కొటేషన్ చూడటానికి ఖాళీ, కానీ ఎక్సెల్‌కి అది అక్షరమే. అక్షరం 45 కంటే పెద్దది. నిజంగా ఏమీ లేని సెల్ అయితే సున్నా కింద తీసుకునేది, ఎరుపు రాదు. రూల్‌ని =యాండ్(ఇజ్‌నంబర్($జి5),$జి5>45) అని మార్చండి.

మాక్రో_మేస్త్రి
సరిగ్గా చెప్పావు తమ్ముడూ. ఇంకో చిన్న సంగతి. రేపు 30 దాటితే నారింజ, 45 దాటితే ఎరుపు అని రెండు రూల్స్ పెడతారేమో. మాక్రోతో చేర్చిన రూల్‌కి స్టాప్‌ఇఫ్‌ట్రూ మొదటి నుంచే ఆన్‌లో ఉంటుంది, ముందున్న రూల్ నిజమైతే తర్వాతది చూడదు. 50 రోజుల బిల్లు 30 కూడా దాటింది కాబట్టి నారింజ రూల్ ముందుంటే ఎరుపు ఎప్పటికీ రాదు. ఎరుపు ముందు చేర్చండి.

హెచ్‌ఎస్‌ఆర్_డేటా
నేను పైథాన్ ఎందుకన్నానో ఇప్పుడు సరిగ్గా చెప్పగలను. ఎక్స్ఎల్‌ఎస్ఎక్స్ ఫైల్ లోపల ఈ రూల్ రాసి ఉండేది రేంజ్ మొదటి సెల్ లెక్కలోనే. ఓపెన్‌పైఎక్సెల్ నేరుగా అదే రాస్తుంది. అక్కడ కర్సర్ ప్రసక్తే లేదు. ఫార్ములారూల్‌కి $జి5>45 అని, ముందు ఈక్వల్ గుర్తు లేకుండా ఇస్తే చాలు.

అయితే దాని ఇబ్బందులు దానికి ఉన్నాయి, అవీ చెప్పాలి. కండిషనల్ ఫార్మాటింగ్‌లో నిండు రంగుకి ఎండ్‌కలర్ ఇవ్వాలి. మామూలు సెల్‌కి ఇచ్చినట్టు స్టార్ట్‌కలర్ ఒక్కటే ఇస్తే అనుకున్న రంగు రాదు. ఫైల్‌లో గీసిన షేపులు, బటన్ లాంటివి ఉంటే తెరిచి సేవ్ చేసేసరికి పోవచ్చు. మాక్రో ఉన్న ఫైల్ అయితే అది పోకుండా కీప్‌వీబీఏ ఆన్ చేయాలి. డేటాఓన్లీతో తెరిచి సేవ్ చేస్తే ఫార్ములాలన్నీ పోయి అంకెలే మిగులుతాయి.

మాక్రో_మేస్త్రి
ఇలా చెప్తే నేనూ ఒప్పుకుంటాను. రాత్రికి రాత్రి సర్వర్‌లో వంద ఫైళ్ళు తయారు చేయాలంటే పైథానే సరి. ఒక మనిషి ఫైల్ తెరిచి, తేదీ మార్చి, బటన్ నొక్కి, అక్కడికక్కడే చూడాలంటే మాక్రో. పీణ్య అక్క ఆఫీసులో కొత్త సాఫ్ట్‌వేర్ ఇన్‌స్టాల్ చేయనిస్తారని కూడా నేననుకోను.

పీణ్య_అకౌంట్స్
అవునన్నా, చేయనివ్వరు.

ఇజ్‌నంబర్ పెట్టాక ఖాళీ వరుసల ఎరుపు పోయింది. ఇంకొక్కటి అడుగుతాను, ఇదే చివరిది. ఈఆర్‌పీ (కంపెనీ లెక్కల సాఫ్ట్‌వేర్) నుంచి వచ్చే సీఎస్‌వీ ఫైల్‌ని (కామాలతో విడదీసిన ఉత్త టెక్స్ట్ ఫైల్) ఇదివరకు డబుల్ క్లిక్ చేసి తెరిచి కాపీ చేసేదాన్ని. ఇప్పుడు మాక్రోనే వర్క్‌బుక్స్.ఓపెన్‌తో తెరిచి తెచ్చేలా చేశాం. అప్పటి నుంచి కొన్ని బిల్లుల రోజులు తప్పుగా వస్తున్నాయి. 3 ఏప్రిల్ 2025న అందిన సరుకు. బి2లో 23/04/2025 పెడితే 20 రోజులు రావాలి, 50 వస్తోంది. ఎరుపు కూడా పడింది. 10 ఏప్రిల్ బిల్లుకి మైనస్ వస్తోంది. మార్చి 25 బిల్లుకి మాత్రం సరిగ్గా ఉంది.

మాక్రో_మేస్త్రి
చూడండి, రంగు ఈసారి తప్పు చేయలేదు. దాని కింద తేదీ తప్పు.

మాక్రోతో సీఎస్‌వీ తెరిస్తే ఎక్సెల్ మీ విండోస్ రీజియన్‌ని చూడదు, అమెరికా పద్ధతిలో నెల ముందు అనుకుంటుంది. చేత్తో తెరిస్తే మీ రీజియన్ ప్రకారం చదువుతుంది. అందుకే ఇదివరకు ఈ గొడవ రాలేదు. 03/04/2025 ని మార్చి 4 అనుకుంది, 30 రోజులు ఎక్కువయ్యాయి. 10/04/2025 ని అక్టోబర్ 4 అనుకుంది, అది ఇంకా రాలేదు కాబట్టి మైనస్. 25/03/2025 లో 25వ నెల లేదు కాబట్టి తేదీగా మార్చలేక అక్షరాలుగానే వదిలేసింది. ఆ అక్షరాలను మీ జి ఫార్ములా తీసివేతలో వాడేటప్పుడు మీ భారత్ రీజియన్ ప్రకారం తేదీగా చదివింది, అందుకే లెక్క సరిగ్గా కుదిరింది. సగం సరిగ్గా, సగం తప్పుగా ఉంటే పట్టుకోవడం కష్టం. 12 లోపు తేదీలు చెడతాయి, 13 నుంచి బాగున్నట్టు కనిపిస్తాయి.

ఓపెన్‌లో లోకల్ అనే ఆర్గ్యుమెంట్ ఉంది, దాన్ని ట్రూ చేయండి. అప్పుడు సిస్టమ్ రీజియన్ ప్రకారం చదువుతుంది. సార్ లాప్‌టాప్ రీజియన్ ఇంగ్లిష్ యునైటెడ్ స్టేట్స్‌లో ఉంటే మళ్ళీ తప్పే వస్తుంది, అది ముందు చూడండి. వీలైతే ఈఆర్‌పీ వాళ్ళను తేదీ 2025-04-03 లాగా సంవత్సరం ముందు వచ్చేలా ఇవ్వమనండి. దాన్ని ఏ రీజియన్‌లోనూ తప్పుగా చదవదు.

మల్లేశ్వరం_పద్దులు
దీన్ని కళ్ళతో పట్టుకునే దారి ఒకటి ఉందమ్మా. తేదీ కాలమ్ ఫార్మాట్‌ని జనరల్‌కి మార్చి చూడండి. నిజమైన తేదీ అంకెగా మారుతుంది. 3 ఏప్రిల్ 2025 అయితే 45750, మార్చి 4 అయితే 45720. అక్షరాలుగా ఉన్నది అలాగే ఉండిపోతుంది. ఎక్సెల్ 1900 జనవరి 1ని 1గా లెక్కపెడుతుంది, 1900 లీపు సంవత్సరం కాకపోయినా అప్పటి స్ప్రెడ్‌షీట్ ప్రోగ్రాం లోటస్ 1-2-3 తో పొత్తు కుదరాలని ఫిబ్రవరి 29 ఉన్నట్టే లెక్కలో ఉంచారు. లోటస్ మీద పనిచేసిన వాళ్ళం కాబట్టి మాకు గుర్తు.

ప్రతి వారం డేటా రాగానే ఎఫ్ కాలమ్‌లో బి2 కంటే పెద్ద తేదీ ఏదైనా ఉందా అని ఒక కౌంట్‌ఇఫ్ పెట్టండి. సున్నా కాకపోతే ఆగి చూడాలి.

కేఆర్‌పురం_సొసైటీ
ఇదే చర్చలో అడగొచ్చా? మా అపార్ట్‌మెంట్ మెయింటెనెన్స్ షీట్ పేరు తెలుగులో "బాకీలు" అని పెట్టాం, సభ్యుల పేర్లు కూడా తెలుగులోనే. మాక్రోలో ఆ పేరు టైప్ చేస్తే ప్రశ్నార్థకాలు వస్తున్నాయి.

మారతహళ్లి_ఎమ్‌ఐఎస్
మాక్రో కోడ్ రాసే వీబీఏ ఎడిటర్ యూనికోడ్‌ని (అన్ని భాషల లిపులూ ఉన్న పట్టిక) చూపించలేదండి, విండోస్ పాత కోడ్ పేజీ (కొన్ని భాషల అక్షరాలే ఉండే చిన్న పట్టిక) మీద నడుస్తుంది. తమాషా ఏంటంటే తెలుగుకి అలాంటి పాత కోడ్ పేజీ లేనే లేదు, మన లిపి విండోస్‌లోకి వచ్చిందే యూనికోడ్‌తో. అందుకని కోడ్‌లో తెలుగు రాయకండి. షీట్‌కి ట్యాబ్ పేరు కాకుండా కోడ్‌నేమ్ ఒకటి ఉంటుంది, ఎడిటర్ ప్రాపర్టీస్‌లో కనిపిస్తుంది, దాన్ని ఇంగ్లిష్‌లో పెట్టి అదే వాడండి. ట్యాబ్ పేరు ఎవరు మార్చినా కోడ్ చెడదు. "గడువు దాటింది" లాంటి మాటలు కావాలంటే ఒక సెల్‌లో టైప్ చేసి పెట్టుకుని మాక్రో అక్కడి నుంచి చదువుకునేలా చేయండి. సెల్స్‌లో తెలుగు బాగానే ఉంటుంది.

కేఆర్‌పురం_సొసైటీ
చాలా థాంక్స్. వరుసల ఎత్తుకి ఆటోఫిట్ చేస్తే కూడా హెడ్డింగ్‌లో ఒత్తులు కింద తెగిపోతున్నాయి.

హెచ్‌ఎస్‌ఆర్_డేటా
ఆ హెడ్డింగ్ మెర్జ్ చేసిన సెల్ అయి ఉంటుంది. మెర్జ్ చేసిన సెల్స్‌కి ఆటోఫిట్ పనిచేయదు. మెర్జ్ తీసేసి, అలైన్‌మెంట్‌లో సెంటర్ అక్రాస్ సెలెక్షన్ పెట్టండి, చూడటానికి అలాగే ఉంటుంది. ఫాంట్ గౌతమి గానీ నిర్మలా యూఐ గానీ పెట్టి, వరుస ఎత్తు కొంచెం పెంచి చూడండి.

పీణ్య_అకౌంట్స్
అందరికీ చెప్పాల్సింది: లోకల్ ట్రూ పెట్టాం, తేదీలు సరిగ్గా వచ్చాయి. సార్ లాప్‌టాప్ రీజియన్ నిజంగానే అమెరికాలో ఉంది అన్నా, భారత్‌కి మార్పించాను. కౌంట్‌ఇఫ్ పెట్టాను, "గడువు దాటింది" కాలమ్ కూడా. ఈ శుక్రవారం సార్ నొక్కాక ఎర్ర వరుసలు, ఆ మాట ఉన్న వరుసలు ఒక్కటే సంఖ్య వచ్చాయి.

ప్రింట్ సెటప్ మాత్రం చాలా నెమ్మది. పేజీ మార్జిన్లు, హెడర్ పెట్టే దగ్గర మాక్రో నిలబడిపోతోంది.

మాక్రో_మేస్త్రి
పేజ్‌సెటప్‌లో ఒక్కో లైన్‌కి ఎక్సెల్ ప్రింటర్‌తో మాట్లాడుతుంది, నెట్‌వర్క్ ప్రింటర్ అయితే ఇంకా ఆలస్యం. 2010 నుంచి అప్లికేషన్.ప్రింట్‌కమ్యూనికేషన్ అని ఒకటుంది. పేజ్‌సెటప్ లైన్లకు ముందు ఫాల్స్, అన్నీ అయ్యాక ట్రూ. అప్పుడు అన్నీ ఒకేసారి పంపుతుంది. మధ్యలో ఎర్రర్ వచ్చి ఆగిపోతే ఫాల్స్‌లోనే ఉండిపోతుంది కాబట్టి, ఎర్రర్ వచ్చినా ట్రూ చేసే లైన్‌కి చేరేలా ఆన్ ఎర్రర్ గోటూ పెట్టండి. స్క్రీన్‌అప్‌డేటింగ్, కాలిక్యులేషన్ ఆపేవాళ్ళు కూడా ఇలాగే చేయాలి. ఆన్ ఎర్రర్ రెజ్యూమ్ నెక్స్ట్ మాత్రం పెట్టకండి, తప్పు జరిగినా చెప్పదు.

పీణ్య_అకౌంట్స్
పెట్టానన్నా, నొక్కిన వెంటనే వస్తోంది. గోటూ లైన్ పైన కామెంట్ కూడా రాశాను: "రూల్ కర్సర్ నుంచి లెక్కపెడుతుంది, ఈ లైన్ తీయవద్దు". తెలుగు రాయనివ్వదు కదా, ఇంగ్లిష్ అక్షరాల్లో రాశాను.